బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో నాన్నగారికి మొబిలిటీ స్కూటర్: మూడు చక్రాలదా, నాలుగు చక్రాలదా?

హూడి_వాసి:

నాన్నగారికి 74 ఏళ్లు, బరువు 84 కిలోలు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, ఆపరేషన్ మాటెత్తితే వద్దంటున్నారు. ఇంట్లో చేతికర్రతో తిరుగుతారు, బాత్రూమ్‌కి సొంతంగానే వెళ్లొస్తారు. కాస్త దూరం నడిస్తే మాత్రం కూలబడాల్సిందే. అందుకే మొబిలిటీ స్కూటర్ (కూర్చుని హ్యాండిల్‌తో నడుపుకునే చిన్న బ్యాటరీ బండి) కొందామనుకుంటున్నాం. చూపు, చేతులు బాగానే ఉన్నాయి.

మాది హూడి దగ్గర అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. లిఫ్ట్‌లో 8 మంది, 544 కిలోలు అని బోర్డు ఉంది. అవసరాలు మూడు: సాయంత్రం కాంపౌండ్ లోపల తిరగడం, శనివారం గుడి (900 మీటర్లు, మధ్యలో మెయిన్ రోడ్డు దాటాలి), అప్పుడప్పుడు కారులో వేసుకుని లాల్‌బాగ్. కారు సీఎన్‌జీ వ్యాగనార్.

ఒక షాపువాళ్లు మూడు చక్రాలది చాలంటారు, ఇంకొకరు నాలుగు చక్రాలది తప్ప వద్దంటారు, మరొకరు మడతపెట్టే లిథియం బ్యాటరీది చూపిస్తారు. అమెరికాలో ఉన్న అక్క వచ్చేటప్పుడు అక్కడి నుంచే తెస్తానంటోంది. కారు వెనక చిన్న ట్రైలర్ తగిలించుకోమని ఒకాయన సలహా. దేన్నిబట్టి తేల్చుకోవాలి?

కొలతల_మేస్త్రీ:

షాపుకి వెళ్లే ముందు టేపు తీయండి. ఏ మోడల్ కొనాలో చాలావరకు మీ లిఫ్టే చెప్పేస్తుంది.

8 మంది లిఫ్ట్ అంటే మామూలుగా లోపల 130 సెం.మీ. వెడల్పు, 110 సెం.మీ. లోతు, తలుపు 80 సెం.మీ. ఉంటుంది. చిన్న సైజు స్కూటర్లు 95 నుంచి 107 సెం.మీ. పొడవు. కాస్త పెద్ద నాలుగు చక్రాలవి 120 దాటతాయి, అంటే అవి మీ లిఫ్ట్‌లోకి నేరుగా ఎక్కవు. బ్రోషర్‌లో వేసే పొడవులో వెనక బుట్ట, వెనక్కి తిరగబడకుండా ఉండే చిన్న చక్రాలు కలిపారో లేదో అడగండి. అట్టపెట్టె విప్పి బండి పొడవు, వెడల్పు ప్రకారం కత్తిరించి లిఫ్ట్‌లో పరిచి చూడండి. పక్కన ఇంకో మనిషి నిలబడే చోటు ఉందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. లిఫ్ట్‌లో వెనక్కి తిరగడం కుదరదు. ముందుకు ఎక్కి రివర్స్‌లో దిగాలి, కాబట్టి లిఫ్ట్ ముందున్న వరండా కూడా కొలవండి. మూడు చక్రాలది తిరగడానికి 80-100 సెం.మీ. వ్యాసార్థం చాలు, చిన్న నాలుగు చక్రాలదానికి 110-135 కావాలి. ఎదురుగా గోడ ఉండే ఇరుకు వరండాలో ఈ తేడాయే అసలు సంగతి.

లిఫ్ట్ ఆగినప్పుడు దాని నేల, వరండా నేల సమానంగా లేకపోతే (ఒకటి రెండు సెం.మీ. తేడా మామూలే) చిన్న ముందు చక్రం ఆ సందులో అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. లిఫ్ట్ మెకానిక్‌ని పిలిపించి సరిచేయించుకోండి.

తర్వాత వాలు. ఎత్తుని పొడవుతో భాగించండి. 1:12 అంటే 4.8 డిగ్రీలు, 1:10 అంటే 5.7, 1:8 అంటే 7.1. చిన్న స్కూటర్లకి ఎక్కువగా 6 డిగ్రీలే హద్దు. బేస్‌మెంట్ కార్ల ర్యాంప్ చాలా చోట్ల 1:8, కొన్ని చోట్ల ఇంకా నిటారు. దాని జోలికి పోవద్దు, లిఫ్ట్‌లో నేరుగా గ్రౌండ్ ఫ్లోర్‌కి దిగాలి. అక్కడ బ్లాక్ గుమ్మం దగ్గర ఒక మెట్టు ఉంటుంది చూడండి, ఈ కొనుగోళ్లు వృథా అయ్యేది ఆ ఒక్క మెట్టు దగ్గరే. 14 సెం.మీ. మెట్టుకి 1:12 లెక్కన 168 సెం.మీ. ర్యాంప్ కావాలి, పైన ఆగడానికి చదును వేరే. బండి బుక్ చేసేలోపే అసోసియేషన్‌కి అర్జీ పెట్టండి. ర్యాంప్ సిమెంట్‌దైతే గరుకుగా గీతలు కొట్టించాలి. నున్నటి గ్రానైట్ ర్యాంప్ వానాకాలంలో ఎవరినైనా పడేస్తుంది.

ఫిజియో_బెంగళూరు:

ముందు నాన్నగారికి స్కూటర్ సరిపడే పరిస్థితే, అది మంచి విషయం. నాలుగడుగులు నడవగలగాలి, సొంతంగా లేచి కూర్చోగలగాలి, ఆసరా లేకుండా నిటారుగా కూర్చోగలగాలి, రెండు చేతులూ హ్యాండిల్ తిప్పగలగాలి. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పట్టు తప్పినవాళ్లకీ, నడుము నిలవనివాళ్లకీ స్కూటర్ వద్దు, జాయ్‌స్టిక్ ఉన్న పవర్ వీల్‌చైర్ చూడాలి.

సీటు సంగతి షాపువాళ్లు చెప్పరు. మోకాళ్లు అరిగినవాళ్లకి సీటు నేల నుంచి 48-52 సెం.మీ. ఎత్తులో ఉంటే లేవడం తేలిక. సీటు పక్కకి 90 డిగ్రీలు తిరిగి అక్కడే లాక్ పడాలి, చేతి ఆనింపులు పైకి లేవాలి. కూర్చున్నాక మోకాళ్లు హ్యాండిల్ స్తంభానికి తగలకుండా కనీసం నాలుగు వేళ్ల సందు ఉండాలి. పొడుగు మనిషైతే చిన్న మోడళ్లలో ఇక్కడే తేడా కొడుతుంది. పది నిమిషాలు కూర్చోబెట్టి, మూడుసార్లు ఎక్కించి దించి చూడండి. మోకాలి నొప్పి మూడోసారికి బయటపడుతుంది.

నడిపే మీట ఒక వైపు నొక్కితే ముందుకు, రెండో వైపు నొక్కితే వెనక్కి. వదిలేస్తే బ్రేక్ దానంతటదే పడుతుంది. భయపడితే గట్టిగా పట్టుకోవడం మనిషి స్వభావం, ఇక్కడ చెయ్యాల్సింది వదిలెయ్యడం. మొదటి వారం ఖాళీ పార్కింగ్‌లో, వేగం మీట కనిష్ఠంలో పెట్టి, ‘వదిలెయ్యి, ఆగుతుంది’ అనేది చేతికి అలవాటు చేయించండి. చేతి వేళ్లకి కీళ్లవాతం ఉంటే వేళ్ల చుట్టూ వలయంలా ఉండే హ్యాండిల్ ఉన్నది తీసుకోవాలి, మణికట్టు మీద భారం తగ్గుతుంది.

గుడికి పంచెతో వెళ్తారు కదా. పంచె కొంగు, ఉత్తరీయం, ఆడవాళ్లకైతే పైటచెంగు, వెనక చక్రానికి చుట్టుకునే ప్రమాదం నిజంగా ఉంది. చక్రాల మీద మడ్‌గార్డ్ పూర్తిగా కప్పే మోడల్ చూడండి, కొంగు నడుముకి దోపించండి.

మూడు, నాలుగు చక్రాల తగువుకి నా మాట: నాలుగే. మూడు చక్రాలది పడిపోయేది రెండు సందర్భాల్లో. వేగంగా వెళ్తూ సడన్‌గా తిప్పినప్పుడు, పక్కకి వాలిన నేల మీద కూర్చుని కిందపడ్డదేదో అందుకోబోయినప్పుడు. 74 ఏళ్లకి రెండోదే ఎక్కువ.

కొలతల_మేస్త్రీ:

ఫిజియో గారూ, నాలుగు చక్రాలది లిఫ్ట్ వరండాలో ముందుకీ వెనక్కీ అయిదారుసార్లు తిప్పుకోవాల్సొస్తే పెద్దాయన వారం రోజుల్లో మూలన పెట్టేస్తారు. కాంపౌండ్ లోపల చదునైన టైల్స్ మీద తిరిగేదానికి మూడు చక్రాలది తప్పేమీ లేదు. వరండా 150 సెం.మీ. దాటి ఉంటే నాలుగు, లేకపోతే మూడు. నేను అలా తేలుస్తాను.

గుడి సంగతి వేరు. ఈ బండ్లు గంటకి 6-8 కిలోమీటర్లవి, దాదాపు వేగంగా నడిచేవాళ్లతో సమానం, ట్రాఫిక్‌లో కలవడానికి కావు. ఫుట్‌పాత్ అంచు ఎత్తు 15 సెం.మీ. మించకూడదని ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) నిబంధన. ఆ 15 కూడా ఈ బండ్లు ఎక్కలేవు, ఎదురుగా నేరుగా వెళ్తే 4-5 సెం.మీ. దాకానే ఎక్కుతాయి. బైకులు ఎక్కకుండా పాతిన గుంజల మధ్య సందు కొన్నిచోట్ల బండి పట్టనంత ఇరుకు. స్పీడ్ బ్రేకర్ మీద మరో చిక్కు: చిన్న మోడళ్లకి నేలకీ అడుగు భాగానికీ మధ్య 5 సెం.మీ. ఉంటుంది, మన వీధుల్లో వేసే దిబ్బలకి కడుపు తగిలి వెనక చక్రాలు గాల్లో తిరుగుతాయి. రెసిడెన్సీ రోడ్డు, విఠల్ మాల్యా రోడ్డు లాంటి టెండర్ ష్యూర్ (నగరంలో రోడ్లని కొత్తగా తీర్చిదిద్దిన పథకం) రోడ్లలో వెడల్పు ఫుట్‌పాత్‌లు ఉన్నాయి గానీ, హూడి చుట్టుపక్కల ఆ సుఖం ఆశించకండి. గుడికి ఆటోయే మేలు.

ఇరవైనాలుగు_వోల్టులు:

బ్యాటరీ లెక్క చూద్దాం. మామూలు చిన్న స్కూటర్‌లో 12 వోల్టుల, 12 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు వరుసలో ఉంటాయి. 24 × 12 = 288 వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే విద్యుత్తు. బ్రోషర్‌లో రేంజ్ (ఒక్క చార్జ్‌తో వెళ్లే దూరం) 15 కిలోమీటర్లు అని ఉంటే 9-10 అనుకోండి, పాతబడ్డాక ఇంకా తక్కువ. మీకు రోజుకి రెండు మూడు కిలోమీటర్లు కూడా అక్కర్లేదు. రేంజ్ కోసం అదనంగా డబ్బు పెట్టకండి, ఆ డబ్బు మంచి సీటు మీద పెట్టండి.

లెడ్ యాసిడ్‌ది వాడిన ప్రతి రాత్రీ నిండా చార్జ్ చెయ్యాలి. 2 ఆంపియర్ల చార్జర్‌తో ఆరేడు గంటలు. మధ్యలో కరెంటు పోతే ఏమీ కాదు. దాన్ని చంపేది ఖాళీగా వదిలెయ్యడం. పెద్దవాళ్లు రెండు నెలలు విజయవాడ వెళ్లొచ్చేసరికి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఇక చార్జ్ పట్టదు. ఊరెళ్తే నిండా చార్జ్ చేసి, నెలకోసారైనా మళ్లీ పెట్టే మనిషిని చూసుకోండి. లిథియంది తద్విరుద్ధం: సగం, సగానికి కొంచెం పైన ఉంచి వెళ్లాలి. దానితో వచ్చిన చార్జరే వాడాలి, రాత్రంతా గుమ్మం దగ్గర చార్జ్ పెట్టొద్దు. మంటొస్తే బయటికి దారి అదే కదా.

అక్కయ్య గారి ఆలోచన గురించి. వీల్‌చైర్, స్కూటర్ లిథియం బ్యాటరీ 300 వాట్-అవర్ల దాకా విమానంలో తీసుకెళ్లొచ్చన్న వెసులుబాటు, నడవలేని ప్రయాణికుడు తనకోసం తీసుకెళ్లేటప్పటిది. ఆరోగ్యంగా ఉన్న మనిషి బహుమతిగా లగేజీలో వేసుకొస్తే వర్తించదు. అలా తెచ్చేవాటికి ఎయిర్‌లైన్ అనుమతితో కూడా 160 వాట్-అవర్లే హద్దు. 24 వోల్టులు, 10 ఆంపియర్-అవర్ అంటే 240, అక్కడే ఆగిపోతుంది. పైగా అక్కడి చార్జర్ లేబుల్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని లేకుండా 115 అని మాత్రమే ఉంటే మన 230కి పెట్టగానే కాలిపోతుంది. వారంటీ ఇక్కడ చెల్లదు, మీట పాడైతే ఆ ఒక్క ముక్క కోసం నెలలు ఎదురుచూడాలి. ఇక్కడే తీసుకోండి. బెంగళూరులోనే తయారుచేసే ఆస్ట్రిచ్ మొబిలిటీ లాంటివాళ్లు ఉన్నారు. ఎవరిది కొన్నా బ్యాటరీ, చార్జర్, మీట, కంట్రోలర్ (మోటారుని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) స్టాకులో ఉన్నాయా, ఇంటికొచ్చి చూస్తారా అని రాతపూర్వకంగా అడగండి.

డిక్కీ_నిండా:

ట్రైలర్ మాట మరిచిపోండి. మోటారు వాహన చట్టం ప్రకారం ట్రైలర్‌కి కూడా రిజిస్ట్రేషన్ కావాలి, ఒక చిన్న స్కూటర్ కోసం అంత తతంగం దండగ. కారు వెనక తగిలించే స్టాండ్లు నంబర్ ప్లేటుని, బ్రేక్ లైట్లని కప్పేస్తాయి.

ర్యాంప్ వేసి డిక్కీలోకి తోయడం కూడా లెక్క కుదరదు. డిక్కీ అంచు 65 సెం.మీ. ఎత్తు అనుకుందాం. మనిషి లేకుండా ఎక్కించడానికి 1:6 వాలు పెట్టుకున్నా దాదాపు 3.9 మీటర్ల ర్యాంప్ కావాలి. కాబట్టి ఎత్తి పెట్టాల్సిందే. మీ సీఎన్‌జీ కారు డిక్కీలో సిలిండరే కూర్చుంది. వెనక సీటు మడిచి అక్కడే పెట్టాలి. అంటే నాన్నగారు ముందు సీట్లో, ఇంకెవరికీ చోటుండదు.

మడతపెట్టేది 22-28 కిలోల ఒకే ముద్ద, దాన్ని సీటు మీదికి వంగి ఎత్తాలి. విడదీసేదైతే సీటు, బ్యాటరీ, ముందు భాగం, వెనక భాగం అని నాలుగు ముక్కలవుతుంది, అన్నిటికన్నా బరువైన ముక్క 13-18 కిలోలు. నడుము నొప్పి ఉన్నవాళ్లకి విడదీసేదే దారి. షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు ఎత్తి చూపిస్తే లెక్కలోకి రాదు, రోజూ ఎత్తబోయేవాళ్లే ఎత్తి చూడాలి.

లాల్‌బాగ్ లోపల తారు దారులు బాగానే ఉంటాయి. కెంపేగౌడ గోపురం ఉన్న రాతి గుట్ట మీదికి మాత్రం వద్దు.

కాగితాల సంగతి ఒక్క ముక్క: బిల్లులో హెచ్‌ఎస్‌ఎన్ (జీఎస్టీకి వాడే వస్తువుల కోడ్) 8713 అని, అంటే దివ్యాంగుల వాహనంగా, పడాలి. దానికి జీఎస్టీ తక్కువ శ్లాబు. నెల్లూరులో 2017లో మొదలైన, వృద్ధులకి సహాయ పరికరాలిచ్చే కేంద్ర పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో చేతికర్రలు, మామూలు వీల్‌చైర్లు ఉన్నాయి గానీ స్కూటర్ లేదు. ఆ ఆశ పెట్టుకోకండి.

హూడి_వాసి:

అందరికీ ధన్యవాదాలండీ. కొలిచాను: లిఫ్ట్ లోతు 108, తలుపు 79, వరండా 140. బ్లాక్ గుమ్మం దగ్గర మెట్టు 15 సెం.మీ. విడదీసే మూడు చక్రాలది, లెడ్ యాసిడ్‌ది చూస్తున్నాం. గుడికి ఆటో ఖాయం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కింద ఆగిపోతే ఏం చూడాలి?

ఇరవైనాలుగు_వోల్టులు:

ఈ వరుసలో చూడమనండి. తాళం ఆన్‌లో ఉందా. ఆన్ చేసేటప్పుడు మీట మీద చెయ్యి పడిందా? పడితే భద్రత కోసం బండి కదలదు, ఆపి చెయ్యి తీసి మళ్లీ ఆన్ చెయ్యాలి, సగం ఫిర్యాదులు ఇవే. వెనకున్న ఫ్రీవీల్ మీట (మోటారు విడదీసి బండిని చేత్తో తోసుకోవడానికి ఉండేది) తోసే వైపు ఉండిపోయిందా. బ్యాటరీ పెట్టె మీద చిన్న రీసెట్ బటన్ పైకి తన్నిందా, నొక్కితే లోపలికి పోవాలి. అప్పటికీ కదలకపోతే లైటు ఎన్నిసార్లు వెలిగి ఆరుతోందో లెక్కపెట్టి సర్వీసువాళ్లకి చెప్పాలి, ఆ లెక్కే లోపం పేరు.

ఒక హెచ్చరిక. ఫ్రీవీల్‌లో పెడితే బ్రేక్ ఉండదు. ఆయన కూర్చుని ఉండగా ర్యాంప్ మీద వాచ్‌మన్ తోయకూడదు, దించి చదునుకి తెచ్చాకే.

రేంజ్ ఉన్నట్టుండి సగానికి పడిపోతే మల్టీమీటర్ తీయండి. నిండా చార్జ్ చేసి, మూడు నాలుగు గంటలు వదిలేసి, ఒక్కో బ్యాటరీ విడిగా కొలవండి. 12.7 ఉంటే బాగుంది. ఒకటి 12.7, ఇంకోటి 12.2 అంటే రెండోది పోయింది. అయినా మార్చేటప్పుడు రెండూ కలిపే మార్చాలి. కొత్తదాన్ని పాతదానితో వరుసలో కలిపితే పాతది త్వరగా ఖాళీ అయిపోతుంది, కొత్తదాని ఆయుష్షు కూడా తగ్గుతుంది.