సమస్య: మగువ మీసము దువ్వెను మండపమున

సమస్య ఇచ్చినవారు, తిరుపతి:
కింద ఇచ్చిన చివరి పాదానికి ముందు మూడు పాదాలు రాసి, దాని వింత అర్థాన్ని పొసగించాలి. ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. సూర్యగణం అంటే గురువు, లఘువు (హగణం) లేదా మూడు లఘువులు (నగణం). యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన మైత్రి, నాలుగో గణం మొదటి అక్షరానికి. విషయం సావిత్రి నటన. ‘సావిత్రి’, ‘మాయాబజారు’ అనే మాటలతో పాదం ఎత్తుకోకండి. రెండింటికీ మొదట వరుసగా రెండు గురువులు, అవి సూర్యగణంలో ఇమడవు. ‘సావిత్రి’ తగణం (రెండు గురువులు, ఒక లఘువు), ఇంద్రగణాల్లో ఒకటి కనుక రెండో గణంగానో మూడో గణంగానో హాయిగా కూర్చుంటుంది.

పూరణ 1, చిత్తూరు:

మాయ శశిరేఖ రూపున మసలుచుండి
లోన హైడింబి దాగగ లోకమెరుగ
నడక సావిత్రి మార్చెను నటనమందు
మగువ మీసము దువ్వెను మండపమున

పూరణ 2, శ్రీకాళహస్తి:

పీట మీదను కూర్చున్న పెళ్ళికొడుకు
భయము దాచుకొనుటకయి బలిమి చూపి
చూడవే వాని గొప్పలు చాలు నింక
మగువ! మీసము దువ్వెను మండపమున

సమస్య ఇచ్చినవారు:
ముందు రెండోది. ‘మగువ’ను సంబోధన చేసి మీసం వరుడికి అంటగట్టారు, సమస్య విడిపోయింది. మూడో పాదంలో యతి తప్పింది. చ–చ హల్లు కలిసినా ‘చూ’కి ‘చా’ అచ్చు పొసగదు. ఉ, ఊ, ఒ, ఓలలో ఒకటి రావాలి. ‘సొంపు మీర’ అంటే సరి, చకారానికి సకారం చెల్లుతుంది. అయితే ఈ పూరణలో సావిత్రే లేదండీ. అది నాకు పెద్ద లోటు.

మొదటిదానిలో గణాలు, యతులు నిక్కచ్చిగా ఉన్నాయి. ‘లోకమెరుగ’ దగ్గర మాత్రం అర్థం తిరగబడింది. శశిరేఖ రూపులో ఉన్నది హైడింబి, అంటే ఘటోత్కచుడని పెళ్ళివారికి తెలియకపోవడమే కదా కథ! ‘నటనమందు’ ఊరికే పాదం నింపింది.

మదనపల్లె సభ్యురాలు:
ఒక్క మాట కలుపుతాను. మన గంగజాతరలో మగవాళ్ళు చీర కడితే వేషం చీరలోనే తెలుస్తుంది. 1957లో ‘మాయాబజారు’ సినిమాలో సావిత్రి చేసింది దానికి ఎదురు. చీర అదే, నగలు అవే, ముఖమూ అదే. మారినవి భుజం, అడుగు, చూపు. పెళ్ళిపాటలో సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు వస్తుంది. ఆ మగగొంతుకు పెదవి కలుపుతూ ఒళ్ళంతా రాక్షసుడై, మరుక్షణం సిగ్గుపడే పెళ్ళికూతురైపోతుంది. ఘటోత్కచుడు రంగారావుగారి పాత్రే, కానీ అక్కడ దాన్ని మోసింది ఆవిడ ఒళ్ళు. తల వంచుకు కూర్చునే పెళ్ళికూతురి చేత కె.వి.రెడ్డిగారు అంత హాస్యం నడిపించారు. రెండేళ్ళ ముందు ‘మిస్సమ్మ’లో ఉద్యోగం కోసం భార్యగా నటించే మొండిపిల్ల. 1968లో ‘చిన్నారి పాపలు’కు తానే దర్శకురాలు. పూరణలో ఆ సత్తువ కనబడాలి. ‘నడక’ ఒక్కటే చాలదు, ‘చూపు’ కూడా రావాలి.

పూరణ 2 కవి:
‘మీసము దువ్వెను’ అంటే గర్వించెను అని తీసుకుని, 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తీసిన భానుమతిగారి మీద రాయవచ్చా?

సమస్య ఇచ్చినవారు:
మంచి ఊహ. ‘భాను’ హగణం, అంటే సూర్యగణమే కనుక ఆ పేరుతో పాదం ఎత్తుకోవచ్చు కూడా. ‘మండపమున’కి మాత్రం దారి చూపాలి, లేకపోతే ఆ మాట గాలిలో వేలాడుతుంది.

పూరణ 1 కవి:
చూపు చేర్చాను. రెండో పాదం చివరి ‘లోకమెరుగ’ను మూడో పాదంలోని ‘నటుల’తో కలిపాను, ‘లోకం ఎరుగనట్టుగా’ అని అర్థం వస్తుంది. న–న యతి నిలిచింది.

మాయ శశిరేఖ రూపున మసలుచుండి
లోన హైడింబి దాగగ లోకమెరుగ
నటుల సావిత్రి మార్చెను నడక చూపు
మగువ మీసము దువ్వెను మండపమున