పాతపట్నంలో ఉంటూ ఒడియా మాట్లాడడం ఎలా నేర్చుకోవాలి?

పాతపట్నం కోడలు:
మాది గజపతినగరం. పెళ్లయ్యాక పాతపట్నం వచ్చాను. సాయంత్రం పూట మావారి మందుల దుకాణంలో నేనే కూర్చుంటాను. మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి కాబట్టి, వచ్చేవాళ్లలో ఒడియా వాళ్లు చాలామంది ఉంటారు. ఫోనులో ఒక యాప్ పెట్టుకుని రోజూ సాధన చేస్తున్నాను. రంగులు, పండ్లు, జంతువుల పేర్లు వచ్చేశాయి. కానీ మనిషి ఎదురుగా నిలబడి గబగబా రెండు మాటలు అంటే ఒక్కటీ అందదు. నేను ఒడియాలో మొదలుపెడితే వాళ్లు తెలుగులోకి వచ్చేస్తారు. తెలుగు రాని ముసలివాళ్లు వస్తేనేమో మావారిని పిలవాలి. వాళ్ల బాధేమిటో నేనే వినాలని, మందు ఎప్పుడు వేసుకోవాలో నేనే చెప్పాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

చీపురుపల్లి విద్యార్థి:
అక్కా, ముందు లిపి నేర్చుకోండి. ఒడియా అక్షరాలు గుండ్రంగా కొత్తగా కనిపిస్తాయి గానీ, వరుస మన అఆలు, కఖగల వరుసే. ణ, ళ కూడా ఉన్నాయి. ఒకటో తరగతి వాచకం పర్లాకిమిడిలో దొరుకుతుంది.

బాహుదా ఒడ్డు:
అమ్మా, మాది ఇచ్ఛాపురం, బట్టల దుకాణం. సరుకుకు మేము బరంపురం వెళ్తాం, కొనడానికి అటు ఊళ్లవాళ్లు మా దగ్గరికి వస్తారు. లిపి మంచిదే, నేర్చుకోండి. కానీ మీ ఇబ్బంది లిపి కాదు. సరిహద్దు ఊళ్లలో ఒడియా ఎందుకు రాదో మీరే చెప్పారు: ఎదుటివాళ్లకు తెలుగు వచ్చు. మనం కాస్త తడబడగానే వాళ్లు తెలుగు అందుకుంటారు. అది వాళ్ల మర్యాద. మన నోరు మాత్రం అక్కడే ఆగిపోతుంది.

అందుకని తెలుగు రానివాళ్లను వదులుకోవద్దు. ఎవరు వస్తే మీవారిని పిలుస్తున్నారో ఆ ముసలమ్మలే మీకు గురువులు. అడిగితే అదే మాట ఎన్నిసార్లయినా చెబుతారు. మీవారిని పక్కన ఉండమనండి, మీరు అడిగేదాకా కలగజేసుకోవద్దని ముందే చెప్పండి. తెలుగు వచ్చినవాళ్లతో అయితే ‘ఒడియాలోనే మాట్లాడండి, నేర్చుకుంటున్నాను’ అనేయండి. మా దుకాణంలో ఇలా అడిగితే కాదన్నవాళ్లు లేరు.

పండ్ల పేర్లు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీ బల్ల దగ్గర రోజూ వినిపించే మాటలు కొన్నే ఉంటాయి. ‘ముండ బింధుఛి’ అంటే తల నొప్పి. ‘పేట కాటుఛి’ అంటే కడుపునొప్పి. మీరు అడగాల్సింది ‘కేతే దిన హేలా?’, ఎన్ని రోజులైంది అని. చెప్పాల్సింది ‘ఖాఇబా పరే’, తిన్నాక. ‘ఖాఇబా ఆగరు’, తినకముందు. అందనప్పుడు ‘ఆఉ థరే కుహంతు’ అనండి, మళ్లీ ఒకసారి చెబుతారు. ‘టికే ధీరే కుహంతు’ అంటే కాస్త నెమ్మదిగా చెప్పమని. ఈ చివరి రెండూ నోటికి వస్తే సగం భయం పోతుంది, ఎందుకంటే సంభాషణ తెగిపోకుండా నిలబెట్టేవి అవే. రాసుకున్నది చూసి పలకవద్దు. వాళ్ల ‘అ’ మన ‘ఒ’కు దగ్గరగా ఉంటుంది, తెలుగు అక్షరాలలో అది పట్టుబడదు. ముందు చెవితో వినండి.

అంకెల మీద మాత్రం గట్టిగా కూర్చోవాలి. తెలుగులో ఇరవై వస్తే ఇరవై ఒకటి, ఇరవై రెండు వాటంతటవే వస్తాయి. ఒడియాలో అలా కుదరదు. హిందీలో లాగే నూరు దాకా ప్రతి అంకెనూ విడిగా నేర్చుకోవాల్సిందే. ఇరవై ఐదు ‘పచిశ’, యాభై ‘పచాశ’. సందడిలో ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఒకటిన్నర ‘దెఢ’, రెండున్నర ‘అఢెఇ’, రవికె గుడ్డ కొలిచేటప్పుడు మాకు పొద్దస్తమానం ఇవే. చిల్లర ఇచ్చేటప్పుడు పైకి లెక్కపెడుతూ ఇవ్వండి, అంతకన్నా మంచి సాధన నాకు తెలియదు.

క్రియల దగ్గర మీకు హాయి. ‘సె ఆసిలా’ అంటే అతను వచ్చాడు, ఆమె వచ్చింది, రెండూ. హిందీలో లాగా ఆడ, మగ తేడా చూసుకునే పని లేదు. మాట చివరి అచ్చును హిందీలా మింగేయకూడదు. ‘ఘర’ అంటే ‘ఘర’ అనే పలకాలి. తెలుగువాళ్లకు అది అలవాటే.

మీరున్న చోటు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. వంశధార ఒడ్డున ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసింది మీ ఎదురుగా ఉన్న పర్లాకిమిడిలోనే. ఆయన అక్కడ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. అది తెలుగుకూ ఒడియాకూ చుట్టం కాదు, ముండా కుటుంబానిది. అప్పటికి దానికి లిపి లేదు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని నోట విని నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. వినడం ముందు, పుస్తకం తరువాత. మీకూ అదే వరుస మంచిదని నా నమ్మకం.

మందుల విషయం కాబట్టి ఒక జాగ్రత్త. మోతాదు చెప్పాక వాళ్లనే తిరిగి చెప్పమనండి. ‘సకాళే’ (పొద్దున), ‘రాతిరే’ (రాత్రి) అని వాళ్ల నోట సరిగ్గా వచ్చాకే మందు చేతికివ్వండి. తేడా అనిపిస్తే మొహమాటపడకుండా మీవారిని పిలవండి.

పాతపట్నం కోడలు:
బాబాయి గారూ, నిన్న ఒక పెద్దావిడను ‘కేతే దిన హేలా?’ అని అడిగాను. ఆవిడ చాలా చెప్పారు. ‘తిని దిన’, మూడు రోజులు, అన్నది ఒక్కటే అందింది, కానీ మావారిని పిలవకుండా అందింది! మరి నువ్వు, మీరు తేడా ఎలా? యాప్‌లో అన్నిటికీ ‘తుమే’ అనే ఉంది.

బాహుదా ఒడ్డు:
సంతోషం అమ్మా. ‘తు’, ‘తుమే’, ‘ఆపణ’ అని మూడు ఉన్నాయి. దుకాణంలో పెద్దలకు ఎప్పుడూ ‘ఆపణ’, దానితో ‘కుహంతు’. ‘తుమే’ అన్నప్పుడు ‘కుహ’ అంటే చాలు. బడి పిల్లలు వస్తే అది వాడండి. ‘తు’ జోలికి ఇప్పుడే వెళ్లకండి, చనువున్న చోట తప్ప అది మొరటుగా ఉంటుంది. ఈ వారం పెద్దావిడ చెప్పినవాటిలో అందనివి తెలుగు అక్షరాలలో వినబడినట్టే రాసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.