ఇంట్లో భోజనానికి కూడా డబ్బులిస్తున్న విదేశీ స్నేహితులకు ఎలా చెప్పాలి?

మాది రాజమండ్రి. జర్మనీ నుంచి వచ్చిన ముగ్గురు విద్యార్థులకు ఐదు రోజులుగా ఊరు చూపిస్తున్నాను. ఆదివారం వెళ్లిపోతారు.

పుష్కర ఘాట్ దగ్గర టీ, ధవళేశ్వరానికి ఆటో, కాటన్ మ్యూజియం టికెట్లు, అన్నీ లెక్కేసి రాత్రికి వాళ్ల వాటా నాకు ఇచ్చేస్తున్నారు. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయిందని రాసుకున్న పుస్తకంలోనే ఆటో ఖర్చూ రాస్తారు.

నిన్న ఆత్రేయపురంలో మాత్రం బాగా కలిసిపోయారు. పలచటి పిండిలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండ మీద ఇలా పరిచి అలా లాగితే కాగితంలా పూతరేకు లేస్తుంది కదా, ఒకమ్మాయి తనూ వేస్తానని కూర్చుంది. మూడు చిరిగాయి. నాలుగోది నిలిచేసరికి నా చెయ్యి పట్టుకుని గంతులేసింది.

రాత్రి మా ఇంట్లో భోజనం. వాళ్లు వెళ్లాక చూస్తే కంచం కింద కవరు, అందులో 1,500 రూపాయలు. అమ్మ ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. అన్నం పెట్టి డబ్బు తీసుకోవడం మేం ఎరగం.

ఈరోజు పొద్దున కవరు తిరిగిచ్చాను, మళ్లీ నా బ్యాగులో పెట్టేశారు. స్నేహితుల మధ్య లెక్కలేంటన్నాను. వాళ్ల దగ్గర స్నేహితులైనా ఎవరి బిల్లు వాళ్లే కట్టుకోవడం మామూలేనట, ఎవరికీ భారం కాకూడదని. అది వాళ్ల మర్యాద, తప్పు పట్టను. టీ ఖర్చు వాళ్లకే వదిలి చూశాను, మిగతావి ఆగలేదు.

శనివారం రాత్రి మళ్లీ మా ఇంట్లోనే భోజనం. విదేశీయులను ఇంటికి పిలిచి భోజనం పెట్టిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: వాళ్లు నొచ్చుకోకుండా, డబ్బుకు బదులు ఏం చేయమని అడగొచ్చు?