విశ్వాసంతో కువైట్ బయల్దేరమంటున్నారు, చేతిలో పెట్టేది మాత్రం ఇంటి వీసా. వెళ్లొచ్చా?

స్టాఫ్_నర్స్_రాయచోటి:

అందరికీ ప్రైజ్ ది లార్డ్. నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను, మాది రాయచోటి దగ్గర పల్లె, ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా, జీతం 14 వేలు, అది కూడా ఒక్కో నెల పదో తారీఖు దాటాకే పడుతుంది. మా ఆయన సెంట్రింగ్ పనికి పోతాడు, పాప యూకేజీ. మా అత్తగారి వైపు సగం మంది కువైట్‌లోనే ఉన్నారు, ఇంట్లో కువైట్ గురించి పక్క ఊరి గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు.

విషయం ఏంటంటే మా సంఘానికి అప్పుడప్పుడు వచ్చే ఒక బ్రదర్ వీసాల పని కూడా చూస్తాడు. హాస్పిటల్ వీసాలు ఇప్పుడు లేవు సిస్టర్, ఒక ఇంట్లో మంచం మీదున్న పెద్దావిడని చూసుకోవాలి, హోమ్ నర్స్ పని, ఇంటి వీసా మీద వెళ్లిపో, అక్కడ అడుగు పెట్టాక హాస్పిటల్‌కి మార్చుకోవచ్చు అంటున్నాడు. లక్షా అరవై వేలు అడిగాడు, సగం ముందే కట్టాలంట. మా అమ్మ గాజులు తాకట్టు పెడతానంటోంది.

ఇంకోటి, మొన్న ఉపవాస ప్రార్థనలో బయటినుంచి వచ్చిన దైవజనుడు ఒకాయన నా తలమీద చెయ్యి పెట్టి సముద్రం అవతల దేవుడు నీకు ద్వారం తెరుస్తున్నాడు అన్నాడు. వీసా సంగతి నేను ఎవ్వరికీ చెప్పలేదు, మా అత్తకి తప్ప. అప్పట్నుంచి ఇంట్లో అందరిదీ ఒకటే మాట, అబ్రాహాము ఎక్కడికి పోతున్నాడో తెలీకుండానే బయల్దేరాడు కదా, నీకేంటి ఇన్ని అనుమానాలు అని. కాగితాలు ఒకసారి చూపించండి అని బ్రదర్‌ని అడిగితే అది అవిశ్వాసం అన్నాడు. నాకు వెళ్లాలనే ఉంది, దేవుని మీద నమ్మకం కూడా ఉంది, కానీ రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. ఇది దేవుడు పెట్టిన భయమా నా భయమా అర్థం కావట్లేదు. అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

ఫర్వానియా_అక్క:

చెల్లీ, నేను కువైట్‌లోనే ఉన్నా, నర్సునే. నువ్వు చెప్పిన కథ ఇక్కడ రూముల్లో ఎంతమంది నోటివెంట విన్నానో, ఊరి పేరు ఒక్కటే మారుతుంది.

ముందు వీసా సంగతి. ఇంటి వీసా అంటే 20 నంబర్, ఖద్దామా అంటే ఇంటి పనిమనిషి వీసా. కంపెనీది 18, మనవాళ్లు షూన్ వీసా అంటారు కదా అది. 20 మీద దిగినదానివి నచ్చినప్పుడు 18కి మారిపోవడం అంత తేలిక కాదు, 2024లో జులై నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడి ప్రభుత్వం ఒకసారి మారే అవకాశం ఇచ్చింది, అది కూడా కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని ఒప్పుకుంటేనే, అదీ ఆ ఇంట్లో కనీసం ఏడాది చేసినవాళ్లకే. ఆ ఒక్క వార్త పట్టుకుని ఏజెంట్లు ఇప్పటికీ మార్చుకోవచ్చు మార్చుకోవచ్చు అని అమ్ముకుంటున్నారు. పైగా హాస్పిటల్‌లో నర్సుగా చెయ్యాలంటే నీ సర్టిఫికెట్ల వెరిఫికేషన్ కావాలి, పరీక్ష రాయాలి, ఇక్కడి ఆరోగ్య శాఖ లైసెన్స్ ఉండాలి. ఇంట్లో పెద్దావిడకి డైపర్ మార్చిన అనుభవం ఆ లైసెన్స్‌కి లెక్కలోకి రాదు, ఉన్న హాస్పిటల్ ఎక్స్‌పీరియన్స్‌కి గ్యాప్ పడుతుంది. ఇది ఎవరూ ముందు చెప్పరు.

బ్రదర్ హోమ్ నర్స్ అంటాడు సరే, వీసా కాపీ తెప్పించుకో, అందులో వృత్తి అనే చోట అరబీలో ఏం రాసి ఉందో అరబీ వచ్చినవాళ్ల చేత చదివించుకో. అక్కడ ఇంటి పనిమనిషి అని ఉంటే ఇక్కడ నువ్వు పనిమనిషివే, మామా, అంటే ఇంటి యజమానురాలు, వంట చెయ్యమన్నా చెయ్యాలి, పిల్లల్ని చూడమన్నా చూడాలి, కారు కడగమన్నా కడగాలి.

ఇంటి పనివాళ్లకి 2015లో చట్టం వచ్చింది, రోజుకి 12 గంటలు మించి చేయించకూడదు, వారానికి ఒక సెలవు, పాస్‌పోర్ట్ యజమాని దగ్గర పెట్టుకోకూడదు అని అన్నీ ఉన్నాయి. కానీ ఆ ఇంటి తలుపు వెనక ఎంత నడుస్తుంది అనేది నీ కఫీల్‌ని బట్టే.

ఆరాధన గురించి నువ్వు అడగలేదు కానీ చెప్తా, ఎందుకంటే చాలామంది విశ్వాసులు అదే ఆలోచించకుండా వస్తారు. కువైట్‌లో చర్చిలు ఉన్నాయి, సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ప్రహరీ లోపల ఎన్నో భాషలవాళ్లు వంతులవారీగా కూడుకుంటారు, మన తెలుగువాళ్లు కూడా. శుక్రవారం ఇక్కడ సెలవు కాబట్టి ఆదివారం బదులు శుక్రవారం ఆరాధన. దాని దగ్గర్లోనే పాత అమెరికన్ మిషన్ హాస్పిటల్ బిల్డింగ్ ఉంది, ఇప్పుడు మ్యూజియం లాంటిది చేశారు, మన నర్సులకి చూడాలనిపిస్తుందిలే. అయితే హాస్పిటల్ నర్సుకి శుక్రవారం డ్యూటీ పడకపోతే బస్సెక్కి వెళ్లిపోవచ్చు, ఇంటి వీసా మీద ఉన్నదానికి గేటు దాటాలంటే మామా ఊ అనాలి. ఇంకా, ఇక్కడి ముస్లిములకి సువార్త చెప్పడం నేరం, నీ విశ్వాసం నీ దగ్గర ఉంచుకోవడం నేర్చుకోవాలి.

కాగితాలు అడగడం అవిశ్వాసం అన్నాడా ఆయన? యాకోబు పనికోసం వెళ్లింది పరాయివాడి ఇంటికి కాదు, సొంత మేనమామ లాబాను ఇంటికి. ఏడేళ్లకి రాహేలు అని మాట్లాడుకుని లేయాని కట్టబెట్టాడు, తర్వాత జీతం పదిమార్లు మార్చాడు అని యాకోబే చెప్పుకున్నాడు. మేనమామే అలా చేస్తే సంఘానికి అప్పుడప్పుడు వచ్చే బ్రదర్ ఎంత తల్లీ.

జీఎస్టీ_లెక్క:

నేను చర్చికి వెళ్లేవాడిని కాదు, లెక్క మాత్రం చెప్తా. రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంట్ మన దగ్గర తీసుకోగలిగింది గరిష్ఠంగా 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400. రసీదు ఇవ్వాలి. లక్షా అరవై ఎక్కడ, ఇది ఎక్కడ. కేంద్ర ప్రభుత్వం ఈమైగ్రేట్ సైట్‌లో రిజిస్టర్డ్ ఏజెంట్ల లిస్ట్ ఉంటుంది, ఆయన్ని రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, రెండు నిమిషాల పని.

నర్సుగా కువైట్ సౌదీ లాంటి 18 ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన) దేశాలకి వెళ్లాలంటే మీ పాస్‌పోర్ట్ ఈసీఎన్ఆర్ (క్లియరెన్స్ అక్కర్లేనిది) అయినా సరే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి వెళ్లడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి కావాలి, 2015 నుంచి ఉన్న రూల్ ఇది. దీన్ని తప్పించుకోవడానికే నర్సులని ఇంటి వీసా మీద పంపేది. క్లియరెన్స్‌తో వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఉంటుంది, రెండేళ్లకి 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు. ఏజెంట్లు ఈ ఊసే ఎత్తరు. ఆంధ్రాకి ఓంక్యాప్, తెలంగాణకి టామ్‌కామ్ అని విదేశీ ఉద్యోగాలకి పంపే ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి, అక్కడ కనుక్కోండి, లేటవుతుంది, కానీ గాజులు ఇంట్లోనే ఉంటాయి.

పల్లె_కాపరి:

వందనాలు సిస్టర్. నేను ఒక చిన్న సంఘానికి కాపరిని, మా సంఘంలో గల్ఫ్ వెళ్లిన కుటుంబాలే ఎక్కువ, కాబట్టి ఈ ప్రశ్న నాకు ప్రతి ఏడూ వస్తుంది.

అబ్రాహాము మాట మీ ఇంట్లో అందరూ ఎత్తారు కాబట్టి ఆ కథే పూర్తిగా చూద్దాం. ఆదికాండం 12లో దేవుడు వెళ్లమన్నాడు, వెళ్లాడు, నిజమే, కానీ అప్పు చేసి వెళ్లలేదు, భార్యని వదిలేసి వెళ్లలేదు, ఉన్నదంతా తీసుకుని అందరూ కలిసి వెళ్లారు. అదే అధ్యాయంలో కరువొస్తే ఐగుప్తుకి వెళ్లాడు చూడండి, ఆ ప్రయాణానికి దేవుడు వెళ్లమన్నట్టు ఒక్క మాట రాసి లేదు, అక్కడ ప్రాణభయంతో భార్యని చెల్లెలని చెప్పుకున్నాడు. తర్వాత ఇస్సాకు కాలంలో మళ్లీ కరువొస్తే దేవుడు ఐగుప్తుకి వెళ్లొద్దు అన్నాడు. యాకోబు ముసలితనంలో అదే ఐగుప్తుకి వెళ్లడానికి భయపడకు అన్నాడు. అదే దేశం, అదే కుటుంబం, ఒకరికి వద్దు ఒకరికి వెళ్లు. కాబట్టి అబ్రాహాము వెళ్లాడు గనక నువ్వూ వెళ్లు అనేవాళ్లు అదే పుస్తకంలో ఇంకో పది పేజీలు తిప్పితే బాగుండు. నయోమి కుటుంబం కూడా కరువులో మోయాబు వెళ్లింది, ఆమె తిరిగొచ్చేసరికి భర్తా లేడు ఇద్దరు కొడుకులూ లేరు. వెళ్లడం పాపం అని ఆ గ్రంథం అనలేదు, వెళ్తే అంతా మంచే అని కూడా అనలేదు.

ప్రవచనం సంగతి కొంచెం కష్టంగా ఉంటుంది చెప్పడం. ఆ దైవజనుడిని నేను అనను, నాకు తెలియదు. కానీ మీ అత్తగారికి చెప్పాను అని మీరే రాశారు సిస్టర్, మా సంఘంలో అయితే ఒక అత్తగారికి చెప్పిన విషయం కూడిక మొదలయ్యేలోపు మైకు దాకా వస్తుంది. పౌలు థెస్సలొనీకయులకి ప్రవచనాన్ని నిర్లక్ష్యం చెయ్యొద్దు అన్నాడు, వెంటనే అన్నీ పరీక్షించి మంచిదాన్నే పట్టుకోండి అన్నాడు. పరీక్షించమన్నది బైబిలే, మరి అవిశ్వాసం ఎట్లా అవుతుంది?

వీసా వచ్చినవాళ్లందరూ స్టేటస్ పెట్టుకునే వచనం యిర్మీయా 29:11, మీ గురించి నా ఉద్దేశాలు నాకు తెలుసు, అవి హాని కోసం కాదు అనేది. అది బబులోనుకి చెరపట్టబడి పోయినవాళ్లకి రాసిన ఉత్తరం. దానికి మూడు వచనాల ముందు ఏముందో తెలుసా, మీ మధ్యనున్న ప్రవక్తలూ సోదెగాళ్లూ మిమ్మల్ని మోసం చెయ్యకుండా చూసుకోండి అని ఉంది. ఎందుకంటే వాళ్లు తొందర్లోనే ఇంటికి తిరిగి వెళ్లిపోతారు అని తీపి మాటలు చెప్తున్నారు, దేవుడేమో 70 ఏళ్లు పడుతుంది, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అంటున్నాడు. ఆ ఉత్తరం మొత్తం మీరూ మీ ఆయనా కూర్చుని ఒకసారి చదవండి, ఒక్క వచనం కాదు.

నేను వెళ్లొద్దు అనట్లేదు. మీ ఇంటి పరిస్థితి చూసుకోవడం కూడా విశ్వాసంలో భాగమే. పాప ఎవరి దగ్గర ఉంటుంది, మీ ఆయన దీనికి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడా లేక ఊరుకున్నాడా, ఇవి మీరు రాయలేదు.

ఖద్దామా_కొడుకు:

అందరూ ఇంటి వీసాని అంత తీసిపారేసి మాట్లాడకండి. మా అమ్మ చదువుకోలేదు, ఇంటి వీసా మీదే వెళ్లింది, మా నాన్న పోయాక వేరే దారి లేదు. మా అక్కా నేనూ చదివింది ఆ డబ్బుతోనే. ఆమెకి మంచి కఫీల్ దొరికాడు, పండగలకి జీతం పైన ఇచ్చేవాడు. శుక్రవారం బయటికి పంపేవాళ్లు కాదు, ఇస్త్రీ చేస్తూ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చున్నీ దానిమీదికి లాక్కుని మా సంఘం ఆరాధన ఫోన్‌లో వినేది, ప్రభురాత్రి భోజనం టైంకి మాత్రం బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకునేదంట. దేవుడు ఆమెని ఎక్కడా వదల్లేదు అని ఇప్పటికీ సాక్ష్యం చెప్తుంది.

కానీ అక్కా, మా అమ్మకి చేతిలో వేరే చదువు లేదు. మీకు ఉంది. నర్సు చదువు పెట్టుకుని ఖద్దామాగా వెళ్లడం ఎందుకు అని అమ్మనే అడిగా ఇప్పుడు, ఆమె కూడా అదే అంది. ఇంకో మాట కూడా అంది, పిల్ల చిన్నది అయితే రెండేళ్ల తర్వాత నిన్ను అమ్మా అని పిలవడానికి సిగ్గు పడుతుంది, దానికి సిద్ధపడి వెళ్లమను అని. మా అక్క అలాగే చేసిందంట.

స్టాఫ్_నర్స్_రాయచోటి:

అందరికీ చాలా థాంక్స్, ఖద్దామా_కొడుకు తమ్ముడు రాసింది చదివి ఏడుపొచ్చింది. మా ఆయనకి మొత్తం చదివి వినిపించా. అయ్యగారు అడిగినదానికి, ఆయన ఊరుకున్నాడు అంతే, ఒప్పుకోలేదు, ఇవాళ చెప్పాడు ఆ మాట. నేను కూడా ఇన్నాళ్లు అడగలేదు ఆయన్ని.

బ్రదర్‌ని రిజిస్ట్రేషన్ నంబర్ అడిగితే నేను ఏజెంట్ కాదు సిస్టర్, మధ్యలో సేవ లాగా చేస్తున్నా, అసలు ఆఫీసు ముంబైలో ఉంది అన్నాడు. వీసా కాపీ డబ్బు కట్టాకే ఇస్తాడంట. డబ్బు కట్టట్లేదు అని చెప్పేశా, మా అత్త రెండు రోజులనుంచి మాట్లాడట్లేదు. కువైట్ ఆశ మాత్రం వదల్లేదు, హాస్పిటల్ దారిలోనే ట్రై చేద్దామని ఉంది. దానికి ముందు ఏం చెయ్యాలి అక్కా? నా డిప్లొమా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాపీలు అన్నీ బ్రదర్‌కి ఇచ్చి ఉన్నా.

ఫర్వానియా_అక్క:

కాపీలా, ఒరిజినల్సా? ఒరిజినల్స్ అయితే రేపే వెళ్లి తెచ్చుకో, ఒక్కదానివే పోకు, మీ ఆయన్ని తీసుకెళ్లు. ఇవ్వను, ఖర్చులయ్యాయి అంటే పోలీస్ స్టేషన్‌కి వెళ్తానని అక్కడే చెప్పు, సంఘంలో వాడే కదా అని మొహమాటపడకు. అవి చేతిలోకి వచ్చాక ఇక్కడ రాయి, మిగతాది అప్పుడు చెప్తా. ఈలోగా ఇప్పుడు చేస్తున్న హాస్పిటల్ మానెయ్యకు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ లెటర్‌హెడ్ మీద, చేరిన తేదీతో, ఏ వార్డులో చేశావో రాయించి సీల్ వేయించుకో. అది లేకపోతే వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోతావు.

జీఎస్టీ_లెక్క:

పాస్‌పోర్ట్ కూడా ఇచ్చారా ఆయనకి? అది చెప్పండి ముందు.