నేలకు దిగారా, నీట వాలారా?

వ్యోమగామి సునీతా విలియమ్స్ అంతరిక్షం నుంచి తిరుగు ప్రయాణం గురించి రాస్తూ 'నేలకు దిగిన సునీత' అని శీర్షిక పెట్టాను. దిగింది సముద్రంలో కదా, నేల ఎక్కడిది అని మా అమ్మాయి పట్టుకుంది. నౌక ఇలా నీళ్లలో దిగడాన్ని ఇంగ్లీషులో 'స్ప్లాష్‌డౌన్' అంటారు. దానికి మనకు మాట ఉందా?

– అమ్మాయి మాటే సరి అండీ. 2025 మార్చి 18న, మనకు 19 తెల్లవారుజామున, ఆమె వచ్చిన డ్రాగన్ నౌక అమెరికాలో ఫ్లోరిడా తీరం దగ్గర సముద్రంలో దిగింది. ఎనిమిది రోజులకని వెళ్లి 286 రోజులకు వచ్చిన మనిషి అక్కడ కాలు మోపనే లేదు. ఓడ మీదే బయటికి తీసి చక్రాల స్ట్రెచర్ ఎక్కించారు. నేలకు దిగడమంటే రష్యా నౌక సోయజ్‌ది. 2023లో అమెరికా వ్యోమగామి ఫ్రాంక్ రూబియో 371 రోజుల తరవాత అందులోనే కజకిస్థాన్ మైదానంలో దిగారు, అక్కడ మీ శీర్షిక అతుకుతుంది. ఇక 'నీళ్లలో దిగారు' అంటే స్నానానికి దిగినట్టుంటుంది. 'సముద్రంలో ల్యాండింగ్' మరీ విడ్డూరం, ల్యాండ్ అంటేనే నేల! నా ఓటు 'వాలడా'నికి. చెరువులో కొంగ వాలిందంటాం కదా. నాలుగు పారాచూట్లతో నెమ్మదిగా దిగే నౌకకు 'నీట వాలింది' చక్కగా ఉంటుంది.

– కొంగ మళ్లీ తనంతట తాను ఎగురుతుంది గురువుగారూ. దీన్ని ఓడలోకి ఎత్తాలి. రెక్కలు లేనిది వాలడమేమిటి?

– పొద్దు వాలడం లేదూ? దానికి రెక్కలున్నాయా?

– అది ఒరగడం. ఆ అర్థం వేరు. మీరు తప్పించుకుంటున్నారు.

– సరే, ఒప్పుకున్నాను. అయినా 'పడింది' అంటే ప్రమాదం జరిగినట్టుంటుంది. అంతకంటే 'వాలింది' నయం.

– మధ్యలో వస్తున్నాను, మన్నించాలి. 'రోదసి నుంచి భూమికి' అని కూడా రాస్తున్నారు. సంస్కృతంలో రోదసీ అంటే ఆకాశమూ భూమీ రెండూ, ద్వివచనం. రోదసి నుంచి భూమికి రావడమంటే హైదరాబాదు నుంచి చార్మినారుకు వచ్చినట్టే!

– నిజమే గాని, తెలుగులో అది అంతరిక్షంగా స్థిరపడిపోయింది. దాన్ని కదిలించకండి, మాట దొరక్క అల్లాడతాం.

– అడిగినది నేను. అందరికీ నమస్కారం. శీర్షిక మార్చేశాను: 'కడలిలో వాలిన నౌక, గట్టెక్కిన సునీత'.

– గట్టెక్కిన! తొమ్మిది నెలల తరవాత అంతకన్నా ఏం కావాలి? ఎక్కింది ఓడే అని మీ అమ్మాయి మళ్లీ పట్టుకుంటే, ఆ రాత్రికే హ్యూస్టన్ నగరం చేరారని చెప్పండి.