"మా చేతుల్లో ఏం లేదు" అన్నాక దేవుడి దగ్గరికి వెళ్లడం తప్పా?

ఉప్పల్ ఇల్లాలు:

మా ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, కూర్చుంటే నాలుగు గంటలు. రోజంతటికీ తాగాల్సిన నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెడతాను. సాయంత్రానికి అడుగున రెండు గుటకలు మిగుల్చుకుని రాత్రి మాత్రలకని దాచుకుంటారు. ఆ సీసా చూస్తే నాకు ముద్ద దిగదు.

నా బ్లడ్ గ్రూపు ఆయనకు కలవలేదు. చనిపోయినవాళ్ల అవయవాలు వరస ప్రకారం ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించి ఏడాదిన్నర దాటింది. పోయిన నెల డాక్టరు గారిని గట్టిగా అడిగితే, "మా చేతుల్లో ఏం లేదమ్మా, పైవాడి దయ" అన్నారు. ఆ ఆదివారమే చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి 11 ప్రదక్షిణలు చేశాను. కిడ్నీ దొరికితే 108 చేస్తానని మొక్కుకున్నాను.

మా మరిది ఇంజినీరు. "వదినా, గుడి చుట్టూ తిరిగే టైంలో ఇంకో నాలుగు ఆసుపత్రులు తిరగొచ్చు కదా" అన్నాడు. అన్న మీద బెంగతోనే అన్నాడని తెలుసు. అయినా మూడు రోజులుగా ఆ మాట గుచ్చుకుంటోంది. మనిషి వల్ల కానిది దేవుణ్ణి అడగడం తప్పా? మీరేమంటారు?

నాగోల్ మాస్టారు:

తప్పనను తల్లీ. కానీ మనిషి వల్ల కాదని తేల్చిందెవరు, ఎప్పుడు తేల్చారు అన్నది నా బాధ.

మా తమ్ముడికి కామెర్లు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు పసరు పోయించారు, తాయెత్తు కట్టించారు, ఒక స్వామి దగ్గర మూడు రాత్రులు నిద్ర చేయించారు. దేవుడే చూసుకుంటాడని వచ్చినవాళ్లందరూ ధైర్యం చెప్పారు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి లివర్ పూర్తిగా పోయింది. వాడికి 26 ఏళ్లు. ఆ తాయెత్తు ఇప్పటికీ మా అమ్మ పెట్టెలో ఉంది. తను ముట్టుకోదు, నన్ను పారేయనివ్వదు.

1813లో జంట నగరాల్లో గత్తర, అంటే కలరా, లేచినప్పుడు, ఉజ్జయినిలో పల్టన్‌లో ఉన్న సురిటి అప్పయ్య మహంకాళికి మొక్కుకున్నాడని, 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపాడని చెబుతారు. మా ఇంట్లోనూ బోనం ఎత్తుతారు, నేనూ వెంట నడుస్తాను. కానీ ఆ గత్తరను తర్వాత అణిచింది శుభ్రమైన నీళ్లు, మురుగు కాలువలు, సెలైన్. ఇప్పుడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌తో ప్రాణం నిలబడుతోంది. ఒకప్పుడు మనిషి వల్ల కాదన్నది ఇప్పుడు అవుతోంది. అవునో కాదో కనుక్కోకముందే చేతులు జోడించడం నా వల్ల కాదు.

బేగంపేట కుర్రాడు:

మాస్టారూ, అలా కనుక్కున్నవాళ్లు కూడా దేవుణ్ణి తలుచుకున్నారండి. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లోనే. ఉక్కపోత భరించలేనంత ఉన్నా, గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా ఆపేయించాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయట. అప్పుడు ఆయన రాసుకున్న పద్యం దేవుడు కరుణించాడనే మొదలవుతుంది.

నాగోల్ మాస్టారు:

నిజమే బాబూ. కానీ ఆ పద్యం రాసింది దోమను కోసి చూశాక. నేనడిగేదీ ఆ వరసే.

గౌలిగూడ వాసి:

అన్నిసార్లూ ఆ వరస కుదరదు సార్. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు వేలమంది కొట్టుకుపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నది ఒడ్డుకొచ్చి గంగమ్మకు చీర, పసుపు కుంకుమలు సమర్పించి హారతిచ్చాడని మా తాతలు చెప్పుకునేవారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్ కట్టారు. అక్క ప్రదక్షిణలు చేసిన గుడి ఆ చెరువు పక్కనే. డ్యామ్ రావడానికి 12 ఏళ్లు పట్టింది. ఆ రాత్రి చెట్టు మీదున్నవాళ్లు తెల్లారేదాకా ఎవరిని పిలవాలి?

ఐసీయూ నర్సు, సికింద్రాబాద్:

చెల్లీ, 18 ఏళ్లుగా ఐసీయూలో చేస్తున్నాను. "మా చేతుల్లో ఏం లేదు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కొన్నిసార్లు అది అక్షరాలా నిజం. కొన్నిసార్లు ఆ డాక్టరుకు అంతా విడమరచి చెప్పే ఓపిక ఉండదు, బయట ఇంకో 30 మంది కూర్చుని ఉంటారు. అందుకే ఆ మాట వినగానే లేచి రాకూడదు. "ఇక్కడ లేదా సార్, ఎక్కడా లేదా?" అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్నకు చాలామందికి నోరు రాదు. దేవుడి పేరు ఎత్తేసరికి ఇంకేం అడుగుతాంలే అని కళ్లు తుడుచుకుని వెళ్లిపోతారు. మాస్టారు తమ్ముడి విషయం చదివి మనసు కలుక్కుమంది. అలాంటివి మేం చూస్తూనే ఉంటాం.

మీ విషయంలో అడగాల్సింది ఒకటుంది. మీ గ్రూపు కలవకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. మీలాగే గ్రూపు కలవని ఇంకో జంట ఉంటే, మీ కిడ్నీ వాళ్ల మనిషికి, వాళ్లది మీ ఆయనకు ఇవ్వొచ్చు. స్వాప్ అంటారు. అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ దీనికి వీలు కల్పించింది. ఇంకా గ్రూపు కలవకపోయినా మందులతో సిద్ధం చేసి మార్చే పద్ధతీ ఉంది, ఖర్చు మాత్రం ఎక్కువ. మీ ఆసుపత్రి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ను సూటిగా అడగండి.

ఇక దేవుడి సంగతి. ఒకాయన తన కొడుకు వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు కాగితం పొట్లంలో విభూతి తెచ్చి, బాబు నుదుట పెట్టమని బతిమాలాడు. పెట్టడానికి రూల్స్ ఒప్పుకోవు. పొట్లాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి దిండు పక్కన పెట్టాను. బాబు దక్కలేదు. ఏడాది తర్వాత ఆయన వార్డుకొచ్చాడు. బిల్లు గురించి కాదు, మందుల గురించి కాదు, "ఆ రోజు విభూతి బాబు దగ్గరే ఉంది కదమ్మా" అని ఒక్కటే అడిగాడు. ఉందన్నాను. కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

నేను యేసును నమ్ముకున్నదాన్ని. సిలువకు ముందు, ఈ బాధల గిన్నె తొలగించమని ఆయనే తండ్రిని అడిగాడు, తొలగలేదు. అయినా అడగడం తప్పని నాకెన్నడూ అనిపించలేదు. మీరూ అడగండి చెల్లీ.

నాగోల్ మాస్టారు:

సిస్టర్, మీరు చెప్పిన ప్రశ్న మాకు ఆ రోజు తెలియలేదు. ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఉప్పల్ ఇల్లాలు:

అందరికీ దండాలు. మా నాన్న గజేంద్రమోక్షం పద్యాలు చెప్పేవారు. ఏనుగు మొసలితో వెయ్యేళ్లు పెనుగులాడి, ఒంట్లో సత్తువంతా పోయాకే పిలిచిందని, పిలిచేటప్పుడు కూడా "కలడో లేడో" అని తడబడిందని అనేవారు. రాత్రంతా అదే గుర్తొచ్చింది. నేను అడగాల్సినవి ఇంకా ఉన్నాయని తెలియక ముందే సత్తువ పోయిందనుకున్నాను.

అక్క రాసింది మరిదికి చూపించాను. స్వాప్ గురించి అడగడానికి బుధవారం తనే వెంట వస్తానన్నాడు, ఫైలు కూడా తనే సర్దాడు. ఆదివారం మళ్లీ చిలుకూరు వెళ్తున్నాను. కారులో తీసుకెళ్తాడట, గుడి లోపలికి మాత్రం రానన్నాడు. సరే అన్నాను.