‘స్టేపుల్’ అన్న మాటకు తెలుగు: ఐర్లండ్ ఉన్ని చరిత్రలో ఒక అనువాద సమస్య

ఐర్లండ్ ఉన్ని వ్యాపారం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్న మిత్రులొకరు, 1353 నాటి శాసనం డబ్లిన్, వాటర్‌ఫర్డ్, కార్క్, డ్రోగెడా పట్టణాలకు ఇచ్చిన ‘స్టేపుల్’ హోదాను తెలుగులో ఏమనాలని నిన్న ఇక్కడ అడిగారు. జవాబుల్లో పింజ, గిడ్డంగి, మండి, ప్రధాన సరుకు అని నాలుగు సూచనలు వచ్చాయి. నాలుగూ ఆ ఇంగ్లీషు మాటకు ఎక్కడో ఒకచోట అతికేవే గాని, వారు అడిగిన చోట అతికేది వాటిలో ఒక్కటీ లేదని నా అభిప్రాయం. ఎందుకో కాస్త వివరంగా చెప్పవలసి ఉంది.

పింజ అన్న సూచన చూడగానే మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. ఆయన ఆదోనిలో పత్తి దలాలీ చేసేవారు. బోరెంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునున్న పత్తి తీసి, గింజ మీది దూదిని చిటికెడు లాగి, దాన్ని రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టి విడదీసి, విడిన కుచ్చులను ఒకదాని మీద ఒకటి పేర్చి మళ్లీ లాగేవారు. నాలుగైదుసార్లు అలా చేసేసరికి చిక్కుపడి ఉన్న దూది దువ్విన జుట్టులాగా ఒకే వరసలోకి వచ్చేది. అప్పుడు దాన్ని చూపుడువేలి కణుపు పక్కన పెట్టి చూసి, ‘పొడుగు పింజే’ అనో, ‘పొట్టి పింజ, ధర దిగుతుంది’ అనో తేల్చి చెప్పేవారు. ఇంగ్లీషులో పీచు పొడవును తెలిపే స్టేపుల్‌కు ఇంతకంటే మంచి తెలుగు మాట లేదు. దూదిపింజలోనూ బాణపు పింజలోనూ ఉన్న మాటే కనుక దీన్ని పత్తికే పరిమితం చేయనక్కరలేదు, ఉన్నికీ నిరభ్యంతరంగా వాడవచ్చు. దువ్వెనలతో దువ్వి వడికే వర్‌స్టెడ్ నూలుకు పొడుగు పింజ ఉన్ని కావాలి, పద్దెనిమిదో శతాబ్దంలో ఐర్లండ్ నుంచి ఇంగ్లండుకు పెద్దయెత్తున వెళ్లినది అటువంటి ఉన్నీ, దాని నూలూను. వ్యాసంలో ఆ భాగానికి వచ్చినప్పుడు పింజ అని ధైర్యంగా రాయండి.

కాని 1353లో ఆ మాటకున్న అర్థం వేరు. పాత డచ్చిలో స్తంభమనీ, కుప్ప అనీ అర్థమిచ్చే మాట ఫ్రెంచిలోకి అంగడి అన్న అర్థంతో వచ్చి, అక్కడి నుంచి ఇంగ్లీషులో చేరింది. ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్ ఆ ఏడు చేసిన ఏర్పాటు ప్రకారం ఉన్ని, గొర్రెతోళ్లు, పశువుల చర్మాలు నిర్ణయించిన పట్టణాలకే తేవాలి, అక్కడే తూచాలి, ఆ అంగడి మేయరు ముద్ర వెయ్యాలి, రాజుకు చెల్లవలసిన సుంకం కట్టాలి. కొని ఓడకెక్కించే హక్కు విదేశీ వర్తకులదే గాని, ఇంగ్లీషువాడు, ఐరిష్‌వాడు, వేల్స్‌వాడు తన సరుకు తానే సముద్రం దాటించరాదు. ఆ అంగడి తగాదాలు మామూలు న్యాయస్థానానికి పోకుండా వర్తక ధర్మం ప్రకారం మేయరు ముందే తేలేవి. సుంకం అప్పటికే పాతది: బస్తా ఉన్నికి 6 షిల్లింగుల 8 పెన్నీల చొప్పున 1275లో విధించినది ఐర్లండ్‌లోనూ వసూలయ్యేది, బస్తా అంటే 364 పౌన్లు. న్యూ రాస్, వాటర్‌ఫర్డ్ రేవులు ఆ వసూళ్లలో ముందుండేవి.

ఇంత తతంగాన్ని గిడ్డంగి మొయ్యలేదు, ఎందుకంటే గిడ్డంగి సరుకును దాస్తుందే తప్ప మరో చోట అమ్మవద్దని శాసించదు. మండిలో బేరం ఉంది గాని రాజాజ్ఞ లేదు. ప్రధాన సరుకు అన్నది తరువాతి కాలపు అర్థం. నా సూచన ‘కట్టడి అంగడి’. కట్టడి అంటే విధించిన నియమం, దాటరాని హద్దు. రాజు ఇక్కడే అమ్మాలని కట్టడి చేసిన అంగడి గనుక ఆ సమాసం విప్పి చెప్పకుండానే బోధపడుతుంది. స్టేపుల్ పట్టణాన్ని ‘కట్టడి రేవు’ అన్నా నాకు సమ్మతమే, ఆ నాలుగు ఊళ్లూ రేవులే కదా.

ఈ మాటకు ఐర్లండ్‌లో మరొక అర్థం కూడా ఉంది, అనువాదకులు దాని దగ్గర జాగ్రత్తపడాలి. పదహారు, పదిహేడో శతాబ్దాలలో ‘స్టాట్యూట్ స్టేపుల్’ అని వస్తే అది ఉన్ని ప్రస్తావన కాదు. అప్పు తీసుకున్నవాడు కట్టడి అంగడి మేయరు ఎదుట రాసిచ్చిన పత్రం అది, గడువు తప్పితే రుణదాత అతని భూమిని స్వాధీనపరచుకోవచ్చు. ఉన్ని కోసం పుట్టిన సంస్థ అప్పుల నమోదు సంస్థగా మారిందన్నమాట. 1596 నుంచి 1687 వరకు నడిచిన ఆ పత్రాల నమోదు పుస్తకాలు ఐరిష్ భూముల చరిత్రకు ముఖ్యమైన ఆధారాలు. మన పెద్దల నోట వినిపించే ‘తమసుకు’ అన్న మాట ఇక్కడ చక్కగా కుదురుతుంది.

ఇక 1699 చట్టం. మిత్రుల చిత్తుప్రతిలో దీనికి ‘ఉన్ని నియంత్రణ చట్టం’ అని ఉంది, ఆ మాట మార్చమని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఐర్లండ్‌లో నేసిన ఉన్ని బట్టలు ఇంగ్లండుకు తప్ప ప్రపంచంలో మరెక్కడికీ పోరాదని ఇంగ్లీషు పార్లమెంటు ఆ చట్టంలో శాసించింది. ఇంగ్లండులో ఆ బట్టల మీద అప్పటికే ఉన్న దిగుమతి సుంకం మొయ్యరానిది. అన్ని తలుపులూ మూసి, తెరిచి ఉంచిన ఒక్క తలుపుకు అడ్డంగా గోడ కట్టడాన్ని నియంత్రణ అనడం భాషకు న్యాయం కాదు. 1353 నాటిది కట్టడి, 1699 నాటిది నిషేధం. అంతకు కొద్ది నెలల ముందే ఐరిష్ పార్లమెంటు చేత ఎగుమతి సుంకం వేయించారు: మేలురకం వెడల్పు బట్టకు పౌను విలువకు 4 షిల్లింగులు, కొత్తరకం పలచని బట్టకు 2 షిల్లింగులు. అంటే విలువలో అయిదో వంతు, పదో వంతు. దాన్ని నియంత్రణ అంటే ఒప్పుకుంటాను.

1698 జూలైలో మూడో విలియం రాజు ఇంగ్లీషు కామన్స్ సభకు ఇచ్చిన జవాబులోని ‘డిస్కరేజ్’ను ‘నిరుత్సాహపరచడం’ అని తెలిగించారు. నిఘంటువు ప్రకారం అది తప్పు కాదు. కాని నిరుత్సాహమన్నది మనసుకు సంబంధించినది. రాజు మాట ఇచ్చింది మగ్గాల గురించి. ‘ఐర్లండ్‌లో ఉన్ని వ్యాపారాన్ని అణచడానికీ, అక్కడ నారబట్టల పనిని ప్రోత్సహించడానికీ నా శక్తికొలది చేస్తాను’ అంటే సందర్భానికి తగి ఉంటుంది. నారబట్ట అన్న మాట బాగుంది, అవిసెనారతో నేసినదని ఒక్కసారి చెబితే చాలు. ఇంగ్లండు పార్లమెంటు చట్టాలకు ఐర్లండ్ కట్టుబడనక్కరలేదని ఐరిష్ రచయిత విలియం మాలినో పుస్తకం రాసినది కూడా ఆ 1698లోనే, అది ఈ ఉన్ని వివాదం నడుస్తున్న రోజుల్లోనే వెలువడిందని మీ అనువాదంలో ఒక వాక్యం చేర్చండి.

ఐరిష్ ఉన్ని దిగిన ఇంగ్లీషు రేవుల్లో బార్న్‌స్టేపుల్ ఒకటి. ఆ పేరులోని స్టేపుల్ అంగడి కాదు, పాత ఇంగ్లీషులో స్తంభమని అర్థం. ఆ పేరును కట్టడి అంగడికి ముడిపెట్టి వివరణ రాయవద్దు.

మనకు ఇందులో నిజమైన చుట్టరికం ఒకటి ఉంది. ఐరిష్ ఉన్నిబట్టను అడ్డుకున్న ఇంగ్లీషు ఉన్ని వర్గం మరుసటి ఏడాదే, 1700లో, తూర్పుదేశాల అద్దకపు నూలుబట్టలను ఇంగ్లండులో ధరించరాదని చట్టం చేయించింది. 1611 నుంచి ఇంగ్లీషు కంపెనీ కొఠీ ఉన్న మచిలీపట్నం చీటిగుడ్డలు కూడా ఆ నిషేధం కిందికే వచ్చాయి. ఈ రెండు చట్టాలకూ తెలుగులో ఒకే మాట, నిషేధం, వాడాలని నేను పట్టుబట్టడానికి ఇది కూడా కారణం.

1779 నవంబరు 4న డబ్లిన్‌లో వాలంటీర్లు, అంటే ఐర్లండ్ స్వచ్ఛంద సైనికులు, అదే విలియం రాజు విగ్రహం చుట్టూ నిలబడి ఫిరంగికి తగిలించిన పలకను చిత్తుప్రతిలో ‘స్వేచ్ఛా వాణిజ్యం లేదా ఇది’ అని తెలిగించారు. స్వేచ్ఛా వాణిజ్యమంటే నేటి పాఠకుడు సుంకాలు లేని వ్యాపారమనుకుంటాడు. వారు అడిగినది తమ సరుకు తాము ఎగుమతి చేసుకునే హక్కు. ‘వర్తకం చేసుకోనివ్వండి, లేదా ఇదిగో’ అంటే ఫిరంగి కూడా వాక్యంలో భాగమవుతుంది. ఆ తరువాత కొద్ది నెలలకే ఉన్నిబట్టల ఎగుమతి మీది నిషేధం తొలగింది.

‘ఇంత చర్చ ఎందుకండీ, స్టేపుల్ అనే ఉంచితే పోలేదా?’ అని ఒక సోదరి అడిగారు. ఉంచవచ్చునమ్మా, కాని తెలుగు పాఠకుడికి ఆ మాటతో ముందు గుర్తొచ్చేది కాగితాలకు గుచ్చే పిన్ను. మొదటిసారి కట్టడి అంగడి అని రాసి, ఇంగ్లండులో దీన్ని స్టేపుల్ అనేవారని పక్కనే చెబితే సరిపోతుంది.

చివరిగా, ఎగుమతి సుంకం నుంచి మినహాయింపు పొందిన ‘ఫ్రీజ్’ను గొంగడి అన్నారు. గొంగడి కత్తెర పడకుండా కప్పుకునేది, చింతగింజల గంజి పట్టించి బిగువు తెచ్చేది. ఫ్రీజ్ నీళ్లలో తొక్కి దట్టం చేసి, కోట్లు కుట్టించుకునే బట్ట. అక్కడ ‘ముతక ఉన్నిబట్ట’ అని మార్చండి.